కుక్క మోచేయి, పడవ వాటా

ఆ ఉదయం కళింగపట్నం ఇసుక మీద ఉన్నవాళ్లు: మా మేనత్త, మావయ్య, ఆయన పడవలో వేటకు వెళ్లే ముగ్గురు, నేను. ఉన్నవి: ఒడ్డుకు లాగిన పడవ, తడి వల, కుప్పగా పోసిన నెత్తళ్ల చేపలు, కోణాలు కొలిచే ప్లాస్టిక్ స్కేలు, గోధుమరంగు ఆడకుక్క ఒకటి. వంశధార సముద్రంలో కలిసే చోట మంచు ఇంకా విడలేదు. పడవ ఇసుకను వదిలి ఆ తెలుపు మీద తేలుతున్నట్టుంది.

కుక్క అత్తది. ఎండే చేపల మీద వాలే కాకుల్ని తరమడం దాని పని. కొన్ని నెలలుగా ఎడమ ముందుకాలు ఎత్తి కుంటుతోంది. మోచేతి కీలు అరిగిపోయిందని విశాఖపట్నంలో పశువైద్యుడు ఎక్స్‌రే తీసి చెప్పాడు. కుక్కలకు తుంటి కీలు మార్చడం అలవాటైన పనేగానీ మోచేయి మార్చడం అరుదనీ, అది కుదరకపోతే కాలే తీసేయాల్సి రావచ్చనీ అన్నాడు. ముందు బరువు తగ్గించి, రోజూ నీళ్లలో నడిపించి, కీలు ఎంత కదులుతోందో కొలవమన్నాడు. అత్తకు మాత్రం కాలు తీసేయడం ఒక్కటే వినబడింది.

నేను విజయనగరంలో యంత్రాల డిజైన్లు గీస్తాను. ఆ ఎక్స్‌రే చూశాక కళ్లు మూస్తే చాలు, మోచేయే కనిపించేది. పైన ఒక ఎముక, కింద రెండు. కిందివాటిలో ఒకదాని గాడి పైఎముక చివరను కొక్కెంలా పట్టుకుంటుంది. తలుపు మడతబందులాగే ఉంటుంది, కానీ కింది ఎముకలు కాస్త మెలి కూడా తిరుగుతాయి. వాటి బదులు పెట్టే లోహపు ముక్క, ప్లాస్టిక్ ముక్క నా తలలో మెల్లగా, లోతు నీళ్లలో చేపల్లా తిరుగుతుండేవి.

ఆ ఉదయం చేపలు పంచుతుంటే కుక్క బరువు రహస్యం తెలిసింది. పడవకు వాటా, వలకు వాటా, మనిషికి వాటా. కాపలాకు కుక్కకూ ఒక గుప్పెడు. జబ్బుపడ్డవాడి వాటా ఎవరూ కొయ్యరు. పైగా జాలిపడి తలా కొంత కలుపుతారు. కుక్కకూ అలాగే కలిపారు. అది తిని పడుకునేది.

"మావా, దీనికి ఈ వాటా ఆపెయ్యాల," అన్నాను మావయ్యతో.

పడవవాళ్లలో పెద్దాయన చెయ్యి ఆగింది. "ఏటి బాబూ, సదువుకున్నోడివి, కుక్క కూడు కొట్టేస్తావేటి? మూలబడ్డదాని వాటా కోసేసి రేపు సంద్రంలోకి ఏ మొగంతో ఎల్తాం?"

"లావెక్కితే కీలు మీద బరువు పడిపోతాది మావా."

"ముందు నీ పొట్ట సూసుకోరా!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

అత్త నవ్వలేదు. కుక్క పక్కన కూలబడింది. "ఒరే అల్లుడూ, ఇది సిక్కితే కాలుంటాదా? నిజం సెప్పు."

"ఉంటాదనే అనుకుంతన్నానత్తా. కోత లేకుండానే గడిసిపోనూవచ్చు."

ఆమె లేచింది. కుక్క వాటా తీసుకెళ్లి, మిగతా చేపలకు ఎడంగా ఇసుక మీద పరిచింది. "దాని వాటా దానికే. తినడానికి కాదు, ఎండబెట్టడానికి."

"ఓసి నీ తెలివి! ఇంక దాని ఆస్తి అదే కాసుకుంటాది," అన్నాడు పెద్దాయన. మళ్లీ గుప్పెడు నింపాడు.

అలా వాటా ఆగలేదు, తిండి తగ్గింది. పొద్దున్నే అత్త దాన్ని ఏటి మొగలో, దాని రొమ్ము లోతు నీళ్లలో నడిపించేది. శని, ఆదివారాలు నేనూ వెళ్లేవాణ్ని. మంచులో ఇద్దరికీ నడుము కింద ఏమీ కనబడేది కాదు. నీళ్లు బరువు మోస్తుంటే కుక్క ఎడమకాలు తన నొప్పి మరిచిపోయి ముందుకు చాచుకునేది. నేను కూడా ఏదో నిద్రలో నడుస్తున్నట్టే నడిచేవాణ్ని.

మొదట నేను ఆ స్కేలుతో కొలిచినప్పుడు మడతకూ చాపుకూ మధ్య కదలిక నలభై అయిదు డిగ్రీలు. మంచి కీలుకు నూట ముప్పై దాకా ఉంటుంది. వేసవి చివర డాక్టరే కొలిచి, ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. అత్త బల్ల మీద కుక్క కాలు పట్టుకునే ఉంది, ఆయన్ని అంకె చెప్పమంది.

మడత డెబ్బై, చాపు నూట నలభై. కదలిక డెబ్బై డిగ్రీలు.