నొక్కి ఉన్న బటన్

మేము కోదాడ చేరేసరికి ముసురు పట్టి ఉంది. తొంభైల మొదటి సంవత్సరాలు. ఊరి బయట, హైవే పక్కన, మూతబడిన రైస్ మిల్లు మాకిచ్చారు. రేకుల షెడ్డు. సిమెంటు నేల. మూలల్లో ఇంకా ఊక. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే మిలిటరీ బండ్లు ఆగిపోతే లాక్కొచ్చి బాగుచేయడం మా డ్యూటీ. నేను బండ్ల ఎలక్ట్రీషియన్ని. మీటరు, టెస్ట్ ల్యాంపు, స్క్రూడ్రైవరు, ఇవే నా ఆయుధాలు. మిలిటరీ అనగానే మీరంతా మంచుకొండల సంగతి అడుగుతారు. నేను మా తిరుమలగిరి నుంచి బస్సెక్కితే పూట తిరక్కుండా చేరే చోట దేశసేవ చేశాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. వెన్నులో చలి అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఆఫీసర్లు తిరిగే స్టాఫ్ కారు నడిపే సైదులుది హాలియా దగ్గర పల్లె, ర్యాంకు నాయక్. దసరాకు ఆయుధపూజ చేశాం. మేమంతా బానెట్ మీద ఒక బొట్టు పెట్టి చేతులు దులుపుకున్నాం. సైదులుకు అంతటితో తృప్తి ఉండదు. భార్య లక్ష్మమ్మ సాన మీద అరగదీసి గిన్నె నిండా గంధం పంపింది. స్టీరింగు, గేరు రాడ్డు, తాళంచెవి, ప్రతి స్విచ్చు, అతను దేన్నీ వదలలేదు. హజార్డ్ లైట్ల ఎర్ర బటన్‌కు మరీ దట్టంగా మెత్తాడు. ఆ బటన్ లోపలికి నొక్కితే నాలుగు మూలల లైట్లూ కలిసి కొట్టుకుంటాయి. బండి ఆగి ఉందని వెనకవాళ్లకు తెలుస్తుంది.

"గదేందిరా, గంధం పెడుతున్నవా, గోడకు సున్నం కొడుతున్నవా?" అన్నాను.

"ఆపతిల అక్కరకొచ్చేది ఇదే గదన్నా. దీనికి తక్కువ పెడితే ఎట్ల?" అన్నాడు.

డిసెంబరులో పొగమంచు దిగింది. ఒక పొద్దున మిర్యాలగూడ రోడ్డులో సైదులు ఒక్కడే వస్తుంటే గేదెల మంద అడ్డం వచ్చింది. కారు ఆపాడు. వెనక నుంచి వడ్ల లారీ గుద్దింది. స్టీరింగు మీదే పోయాడు.

విచారణకు ఒక కెప్టెన్ వచ్చి సూర్యాపేటలో దిగాడు. లారీ డ్రైవరు ఏడుస్తూ చెప్పాడు. "మంచుల చిన్న ఎర్రలైటు కనవడ్డది సార్. పోతున్న బండే అనుకున్న. కొట్టుకునే లైట్లు ఒక్కటి సుత ఎలుగలే. ఎలిగితే బ్రేకు కొట్టకపోదునా?"

గేదెల మనిషి కూడా అదే చెప్పాడు. ఇక మిగిలింది 'డ్రైవరు నిర్లక్ష్యం' అని రాయడమే. కారును మా షెడ్డుకు లాక్కొచ్చాం. తాళంచెవి పోలీసుల దగ్గర ఉంది. విచారణ అయ్యేదాకా ఎవరూ వేలు పెట్టొద్దు, బ్యాటరీ వైరు కూడా విప్పొద్దు. అది ఆర్డరు.

దినాలయ్యాక లక్ష్మమ్మ వచ్చింది. కారు వైపు చూడలేదు. నా ముఖంలోకే చూసింది.

"అన్నా, లైటెయ్యక తన సావు తనే తెచ్చుకున్నడంటున్నరు. ఊర్ల తల ఎత్తుకోనిస్తలేరు. నువ్వు పని ఎరిగినోనివి. నిజమేనా?"

"సూస్తనమ్మా," అన్నాను.

కొన్నాళ్లకు మళ్లీ అంతటి మంచు పట్టింది. రేకుల సందుల్లోంచి షెడ్డులోకి కూడా వచ్చేసింది. పొద్దున్నే చాయ్ గ్లాసుతో లోపలికి వెళ్లాను. ఎదుటి గోడ పసుపురంగుకు తిరిగింది. చీకటైంది. మళ్లీ పసుపు. టక్, టక్ మని చప్పుడు. తాళం లేని కారుకు పగలకుండా మిగిలిన ముందు లైట్లు కొట్టుకుంటున్నాయి. వెలిగినప్పుడల్లా సైదులు సీటు కనిపిస్తోంది. ఖాళీగా. గ్లాసు నేల మీద పెట్టి, మా మీద పెద్ద అయిన సుబేదారును కేకేశాను.

సుబేదారు సాబ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయనది మఠంపల్లి. దేనికీ బెదరడు. "తాళం లేకుండ ఎట్ల కొట్టుకుంటయిరా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"వీటికి తాళంతోటి పని లేదు సాబ్. బ్యాటరీ నుంచి సీదా వస్తది. కాని బటన్ ఎవరన్నా నొక్కాలె."

ముట్టుకోకుండా వంగి చూశాను. బటన్ లోపలికి దిగి ఉంది. లైట్లు వెలగలేదు కదా అని ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని పట్టి చూడలేదు. అంచున దసరా గంధం తడిసి ఉబ్బింది. అప్పుడు అర్థమైంది. సైదులు నొక్కాడు. సందులోంచి లోపలికి దిగి గట్టిపడిన గంధం, బటన్ లోపల కరెంటు అందించే రెండు ఇత్తడి రేకులను కలవనివ్వలేదు. ఇన్ని రోజుల చెమ్మకు అది మెత్తబడింది. రేకులు ఇప్పుడు కలిశాయి.

బటన్ ముట్టుకుంటే సాక్ష్యం పోతుంది. ఎండ వస్తే గంధం ఎండి లైట్లు ఆగిపోవచ్చు. బ్యాటరీ కూడా పాతది. వైర్‌లెస్ దగ్గరికి పరుగెత్తాం. ఆపరేటరు కోదాడవాడే.

"సూర్యాపేట, ఇది కోదాడ. కెప్టెన్ గారు వెంటనే రావాలి. స్టాఫ్ కారు హజార్డ్ లైట్లు కొట్టుకుంటున్నాయి. ఓవర్."

"కోదాడ, ఎవరు వేశారు? ఓవర్."

ఆపరేటరు మా వైపు చూశాడు.

"సైదులు ఏసిండని చెప్పు," అన్నాడు సుబేదారు.

అతను అట్లాగే చెప్పాడు. కెప్టెన్ బయల్దేరుతున్నారని అవతలి నుంచి కబురు వచ్చింది.

చెమ్మ ఆరకుండా గోనెపట్టాలు తడిపి షెడ్డు తలుపులకు వేలాడదీశాం. లైట్లు సన్నబడుతున్నాయి. దేవుడా, ఇంకొంచెం సేపు, అని మొక్కుకున్నాను. నేను దేవుణ్ణి అంతగా అడిగే మనిషిని కాను.

జీపు వచ్చింది. కెప్టెన్ వంగి బటన్ చూశాడు. లైట్లు చూశాడు. ఎవరైనా ముట్టారా అని అడిగాడు. లేదన్నాం. నెమ్మదిగా టోపీ తీశాడు. "డ్రైవరు తన పని తాను చేశాడు. అదే రాస్తాను," అన్నాడు హిందీలో.

అప్పుడు సుబేదారు కిటికీలోకి వంగాడు. ఖాళీ సీటుతో అన్నాడు:

"ఇగ చాలు బిడ్డా. సాబ్ సూసిండు."

లైట్లు ఒకసారి వెలిగాయి. ఆరాయి. మళ్లీ వెలగలేదు. బటన్ మీద ఎవరి చెయ్యీ లేదు.

బ్యాటరీ అయిపోయిందన్నాడు కెప్టెన్. అయి ఉంటుంది సార్ అన్నాను. మీటరు నా చేతిలోనే ఉంది. పెట్టి చూడబుద్ధి కాలేదు.

లక్ష్మమ్మకు నేనే వెళ్లి చెప్పాను. "నొక్కిండమ్మా. మీ ఆయన నొక్కిండు." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత అడిగింది, "మరి ఎందుకు ఎలుగలేదన్నా?"

"లోపల కరెంటు అందలేదమ్మా," అన్నాను. గంధం పేరెత్తలేదు.

ఎండాకాలంలో మమ్మల్ని వెనక్కి పిలిచారు. బయల్దేరే రోజు ఆమె ఒక చిన్న డబ్బా తెచ్చింది. "ఎండబెట్టిన గంధం అన్నా. దసరాకు మీ బండ్లకు పెట్టుండ్రి. ఆయన బండికి నేనే తీసి పంపేదాన్ని." రెండు చేతులతో తీసుకున్నాను.

ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఏ బండికీ పెట్టలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా నా చేతికి గంధం రాసినప్పుడు ఆ రేకుల గోడ పసుపురంగుకు తిరుగుతుంది, ఆరుతుంది. ఆ వెలుగులో ఖాళీ సీటు కనిపిస్తుంది. మళ్లీ వెలుగుతుందేమోనని అట్లాగే నిలబడిపోతాను.