రాళ్ళరొయ్యల జగ్గమ్మ

జగ్గమ్మ చేతి దెబ్బ తిన్నవాళ్ళ జాబితా రాస్తే అందులో నా పేరూ ఉంటుంది. నా పేరు శివరామ్. బరంపురంలో ఒక కాలేజీలో, జంతుశాస్త్రం ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా అటెండర్ని. గాజుసామాను కడగడం, ఫ్రిజ్‌లు చూసుకోవడం, పెద్దవాళ్ళ చదువుని నా గొప్పగా చెప్పుకోవడం, ఇవీ నేను చేసే పనులు. ఆ మూడో పనే కొంప ముంచింది.

జగ్గమ్మది గోపాలపురం పక్కన సముద్రం ఒడ్డు పల్లె. ఒడియావాళ్ళు నోలియా సాహి అంటారు, అక్కడివాళ్ళు పేట అంటారు. ఆమెను మొదటిసారి చూసింది ఆ ఇసకలోనే. సరుకు కొనడానికి వచ్చినవాడు తక్కెడ మీద బొటనవేలు ఆనించాడు. ఆమె బతికున్న రాళ్ళరొయ్యని తీసి వాడి మొహం మీద కొట్టింది. రాళ్ళరొయ్యంటే కూరలో వేసుకునే చిన్న రొయ్య కాదు, మోచెయ్యంత ఉంటుంది, ఒళ్ళంతా ముళ్ళు. వాడి బుగ్గ చీరుకుపోయింది. రక్తం తుడుచుకుంటున్నవాడితో "తూకం మల్లీ ఎయ్యి" అంది. వాడు మళ్ళీ వేశాడు.

మా ల్యాబులో కీర్తి అని పరిశోధన చేసే అమ్మాయి ఉంది, బరంపురం పట్టుబట్టల వ్యాపారుల ఇంటి పిల్ల. రాళ్ళరొయ్యల్లో ఏ గుడ్లకు ఏ మగది తండ్రో డీఎన్ఏతో తేల్చడం ఆమె పని. మగరొయ్యలు ఆడదాని కోసం ఒకదాని కాళ్ళు ఒకటి విరుచుకుంటాయి. గెలిచినది ఆడదాని రొమ్ము మీద తారుముద్దలాంటి నల్లమచ్చ అంటించి పోతుంది. ఆ మచ్చలోనే దాని బీజం ఉంటుంది. ఆడది దాన్ని గీరుకుని, గుడ్లు పెట్టి, తోక కింద మోస్తుంది. గుడ్లున్న రొయ్యని వ్యాపారులు తీసుకోరు. అందుకని ఒడ్డున ఆడవాళ్ళు పళ్ళు తోముకునే బ్రష్షుతో గుడ్లు గీకేసి అమ్ముతారు. కీర్తికి గీకని తల్లులు కావాలి. ఒక్కసారి చెబితే జగ్గమ్మ గీకడం మానేసింది. తల్లి కాలి కొస ఒక సీసాలో, చిటికెడు గుడ్లు ఇంకో సీసాలో స్పిరిట్‌లో వేసి, జతగా దారం కట్టి, బస్సెక్కి పట్టుకొచ్చేది. బడి మొహం చూడని మనిషి, రెండేళ్ళలో ఒక్క జత కూడా తారుమారు చెయ్యలేదు.

ఒకరోజు కీర్తి కంప్యూటర్ ముందునుంచి కేకేసింది. "జగ్గమ్మా, నువ్వు తెచ్చిన తల్లి గుడ్లకి ఇద్దరు తండ్రులున్నారు!"

"ఇద్దరా! ఒక్కడితోనే ఏగనేక సస్తన్నాం గదమ్మా!" అంది జగ్గమ్మ.

ఆ మాట పేటకి పట్టుకెళ్ళి చెప్పింది. ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చిలికి చిలికి గాలివాన అయింది, ఎందుకంటే జగ్గమ్మ మొగుడు మసేను నవ్వలేదు.

మసేను కథ ఇది. పెళ్ళయిన కొత్తలో అతను గుజరాత్ పడవల మీద పనికి పోయాడు. తిరిగొచ్చిన ఎనిమిదో నెలలో తులసి పుట్టింది. నెల తక్కువ పిల్ల, పిల్లికూనంత ఉందిట. మంత్రసాని చెప్పినా మసేను నమ్మలేదు, కులపంచాయతీలో పెట్టాడు. పెద్దలు జగ్గమ్మను గంగమ్మ గుడి ముందు నిలబెట్టి అరచేతిలో కర్పూరం వెలిగించారు. పచ్చి బాలింతరాలు. ఆరిపోయేదాకా చెయ్యి కదపలేదు. అరచేతిలో రూపాయి బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది. కులం నమ్మింది, మొగుడు నమ్మలేదు. పద్దెనిమిదేళ్ళుగా అయినదానికీ కానిదానికీ తెడ్డుతో, తాడుతో, చేతికి ఏది దొరికితే దానితో కొట్టాడు. ఆమె మాత్రం ఊరుకుందా? ఒకసారి అదే తెడ్డుతో అతని భుజం ఎముక విరిచింది. తులసి ఆ ఇంట్లోనే చదివి ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, మొదటి ఏడాదికి వచ్చింది. ఎలా చదివిందో ఆ పిల్లకే తెలియాలి.

నవ్వులు మొదలైన వారానికి మసేను మా ల్యాబుకి వచ్చాడు. తాగి లేడు. తల దువ్వుకున్నాడు.

"బాబూ, గుడ్డుని బట్టి తండ్రెవుడో సెప్పీగలరంట, నిజిమేనా?"

పొమ్మనాల్సింది. కానీ ల్యాబులో నన్ను సలహా అడిగేవాడెవడు? నా ఛాతీ పొంగింది. ట్రేలోంచి రొయ్యని తీసి, కాలి కొస కత్తిరించి, స్పిరిట్ సీసాలో వేసి చూపించాను.

"ఇంత ముక్క చాలు మసేనూ. పుట్టుపూర్వోత్తరాలన్నీ కక్కేస్తుంది."

"మడిసికైనా ఇంతేనా?"

"ఎవరికైనా ఒకటే సూత్రం" అన్నాను.

మా దగ్గరున్న సరంజామా రొయ్యలకి తప్ప మనుషులకి పనికిరాదని చెప్పలేదు. మనుషులకి చెంపలోపల దూది రాస్తే చాలనీ చెప్పలేదు. తెలియక కాదు. గొప్ప చెప్పుకునేవాడు మధ్యలో ఆగడు.

మర్నాడు పదకొండు కాకముందే మసేను మళ్ళీ వచ్చాడు. చేతిలో దగ్గుమందు సీసా.

"ఇదిగో బాబూ, తులసి గుంట ముక్క. స్పిరిట్ దొరకనేదు, సారాలో ఏసినాను."

సీసాలో చిటికెనవేలి కొస ఉంది. గోరుకి గులాబీరంగు పాలిష్ ఉంది. అతను అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎప్పటికి తెలుస్తాది బాబూ?"

పక్కనున్న స్టీలు ట్రే తీసి అతని తలమీద కొట్టాను. నా జన్మలో మనిషిని కొట్టడం అదే మొదలు. పడ్డాడు, లేచాడు, రక్తం కారుతూనే మెట్లు దిగి పారిపోయాడు. నేను సీసా పట్టుకుని ఆటోలో పెద్దాసుపత్రికి పరిగెత్తాను. పిల్లని అక్కడికే తెస్తారు, మళ్ళీ అతికిస్తారేమోనని ఆశ. సారాలో అంతసేపు నానింది ఇక అతకదు అన్నాడు డాక్టరు. రొయ్యకి కాలు కోస్తే మళ్ళీ మొలుస్తుంది. తులసికి మొలవదు.

వార్డు బయట జగ్గమ్మ ఉంది. చీరంతా కూతురి రక్తం. తను ఒడ్డుకి వెళ్ళిన సమయంలో మసేను, చదువుకుంటున్న పిల్లని కిందపడేసి, వీపు మీద మోకాలు పెట్టి, వలతాళ్ళు కోసే కత్తెరతో కోశాడని చెప్పింది.

"రొయ్యకి కోసినట్టు కోసీసినాడు. ఆడికి ఈ ముక్కల పని ఎవుడు నేర్పినాడు?"

"నేనే" అన్నాను.

చెంప పగిలింది. ఎడమ చెవి ఇవాళ్టికీ గుయ్యిమంటుంది.

"ఇంకో సెంపా ఉంది గానీ, నిజిం సెప్పినావు" అని పక్కకి తిరిగిపోయింది.

పిల్ల ఫిర్యాదు ఇస్తే వెంటనే పట్టుకుంటామన్నారు పోలీసులు. ఆ ఫిర్యాదు పడకుండా పేట పెద్దలు మూడోరోజు కులం కూడేశారు. మసేనుని అన్నాళ్ళూ దాచింది, ఇప్పుడు తెచ్చి సభలో నిలబెట్టింది కూడా వాళ్ళే. చేతికట్టుతో తులసినీ తీసుకొచ్చి కూర్చోబెట్టారు. కీర్తీ నేనూ వెళ్ళి వెనక నిలబడ్డాం. పిల్ల చేత రాజీ మాట అనిపిస్తే మసేను మళ్ళీ ఆ ఇంటికే వస్తాడు. ఆ ఇంట్లోనే పిల్ల పడుకోవాలి. అదొక్కటే నా తలలో తిరుగుతోంది.

కులపెద్ద అప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "జరిగిందేదో జరిగిపోనాది. ముక్క ఎలాగూ సీసాలో ఉంది. పరీచ్చ సేయించీండి. అనుమానం తీరిపోతాది, ఆడు ఇంటికొచ్చీస్తాడు."

ఆ పరీక్ష మా దగ్గర కుదరదని కీర్తి చెప్పబోయింది. ఎవరూ వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల వేలు కోసినవాడి అనుమానం తీర్చడానికట ఈ సభ!

జగ్గమ్మ లేచింది.

"సరే మావా. పరీచ్చంటే మీకేటి తెల్సు? నాకు తెల్సు. తల్లి ముక్క కావాల. పిల్ల ముక్క కావాల. తండ్రినని సెప్పుకునీవోడి ముక్క కూడా కావాల. అది నేకపోతే దేంతో పోలుస్తారు?"

ఆ మాట ఎవరికీ పూర్తిగా అర్థం కాకముందే మసేను కాళ్ళ మీద తన్నింది. వెల్లకిలా పడ్డాడు. ఛాతీ మీద మోకాలు పెట్టి చెయ్యి ఇసకకేసి అదిమింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి అతని కాళ్ళ మీద కూర్చున్నారు. నడుముకి దోపుకున్న వలకత్తెర తీసి అతని చిటికెనవేలిని దాని మధ్యలో పెట్టింది. చర్మం తెగి రక్తం చిమ్మింది.

"నా కూతురే! గంగమ్మ తోడు, నా కూతురే! ఒగ్గీయే!" అని మసేను పెడబొబ్బలు పెట్టాడు.

"ఒప్పీసుకున్నాడు గదే, ఇంకేటి? ఒగ్గీయే జగ్గమ్మా!" అని అప్పయ్య అరిచాడు.

ఆమె కోసేస్తుందనే అనుకున్నాను. కొయ్యాలనే కోరుకున్నాను, అబద్ధమెందుకు.

తులసి లేచి కట్టున్న చేతిని గుండెకి ఆనించుకుని ముందుకొచ్చింది. పిల్ల మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆయన ఒప్పుకుంటే అయిపోతాదేటి తాతా? పద్దెనిమిదేళ్ళూ ఆయన్నే అడిగినారు, కూతురని ఒప్పుకుంతావా ఒప్పుకోవా అని. నన్నెవులూ అడగనేదు." మంచి చేత్తో మసేనుని చూపించింది. "నేనొప్పుకోను. నాకీయన తండ్రి కాడు."

జగ్గమ్మ కూతురి మొహం చూసింది. కత్తెర వెనక్కి తీసి మసేను ఛాతీ మీంచి లేచింది.

"లెగు. నీ ముక్క మాకక్కర్నేదు."

అతను లేవలేదు. వేలు పట్టుకుని ఇసకలోనే ఏడుస్తున్నాడు. తల్లీకూతుళ్ళు పోలీసు స్టేషనుకి వెళ్ళే ఆటో ఎక్కారు. కీర్తి వాళ్ళ పక్కన కూర్చుంది, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.