తల మీద పడ్డ పల్లం

జూన్ పదో తేదీ ఉదయం దువ్వుకుంటుంటే నడినెత్తికి కుడిపక్కన దువ్వెన నున్నగా జారింది. రూపాయి బిళ్ళంత మేర జుట్టు లేదు. నొక్కితే నొప్పి. టేపుతో కొలిచాను, రెండున్నర సెంటీమీటర్లు.

మా ఆయన రిటైరైన రైల్వే గార్డు. "అప్పన్నకి తలనీలాలు ఇచ్చేయే. గుండైతే సమంగా మొలుస్తాది. పాస్ రాయిస్తానుండు" అన్నారు. పాసు వచ్చి, బెర్తులు దొరికి, సింహాచలం చేరేసరికి ఆగస్టు ఒకటి. యాభై రెండు రోజులు.

అక్కడి మంగలి కత్తి ఆపేశాడు. "అమ్మా, ఈడ గుంట పడిపోనాదేటి? డాక్టరుకి సూపించుకో."

బిలాస్‌పూర్‌లోని మా ఇంటికి గుండు కాకుండానే తిరిగొచ్చాక కోడలు సునీత చర్మం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. అప్పటికి మచ్చ నాలుగు సెంటీమీటర్లు, నుదుటి వైపు సాగింది.

"అమ్మాజీ, ఎన్ని రోజులైంది?" అని డాక్టరమ్మ హిందీలో అడిగింది.

"అరవై ఒకటి. క్యాన్సరా?"

"బయాప్సీ చెయ్యకుండా చెప్పను."

మొదటి బయాప్సీలో చర్మం పైపొర మాత్రమే వచ్చింది. మళ్ళీ లోతుగా తీశారు. పేరు తేలింది, లూపస్ పానిక్యులైటిస్. క్యాన్సర్ కాదు.

"చర్మం కింద కొవ్వుకు వాపు వచ్చింది. జుట్టు కుదుళ్ళు ఆ కొవ్వులోనే కూర్చుంటాయి. మొలవమని వాటికి కబురు పంపేదాంట్లో ఆ కణాలకూ పాత్ర ఉంది. కరిగిన కొవ్వు తిరిగి రాకపోవచ్చు. మిగిలింది కాపాడుకుందాం. బుగ్గల మీదికి కూడా రావచ్చు, గమనించండి" అంది డాక్టరు.

ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. మందు కంటిని దెబ్బతీయొచ్చని ముందు కంటి పరీక్ష చేయించి, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర మొదలుపెట్టారు. నేను గంటకోసారి బుగ్గలు తడుముకునేదాన్ని.

"ఏటే ఆ నొక్కుడు? నొక్కి నొక్కి నువ్వే సొట్టలు పెట్టీసుకుంటావు" అనేవారు మా ఆయన. నేను నవ్వలేదు. ఆయనా తర్వాత అనడం మానేశారు.

మందు మొదలుపెట్టిన ఐదో వారానికి మచ్చ ఇంకో మూడు మిల్లీమీటర్లు పెరిగింది. మందు పనిచెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుందని డాక్టరు చెప్పినా, ప్రతి ఆదివారం సునీత చేత టేపు పెట్టి కొలిపించుకునేదాన్ని. పద్నాలుగో ఆదివారం సునీత టేపు పక్కన పెట్టేసింది.

"అత్తయ్యా, అంచున వెంట్రుకలు! పదిహేడు!"

"మళ్ళీ లెక్కపెట్టు."

"సచ్ మే అత్తయ్యా, నిజంగా పదిహేడే."

ఇప్పుడు అంచులు కప్పుకున్నాయి. నడుమ పల్లం బోడిగానే ఉంది. మాత్ర నడుస్తోంది, ఏటేటా కంటి పరీక్ష ఉంది. ఉదయం ముఖం కడుక్కునేటప్పుడు బుగ్గలు ఒక్కసారే తడుముకుంటాను.

జుట్టు ఊడిన చోట నొప్పి ఉంటే ఆ వారమే చర్మం డాక్టరుకు చూపించండి. బయాప్సీ చేస్తామంటే, కొవ్వు పొర దాకా తీస్తున్నారా అని అడిగి, ఆ తర్వాతే తల వంచండి.