ఈ మేక ఎవురిది? ఈ ఫైలు ఎవురిది?

ఎవరిదో తెలుసుకోనిదే మునీంద్ర ఏ వస్తువునూ ముట్టుకోడు, ముట్టుకోనివ్వడు. కోడుమూరులో భీమక్క నడిపే చీరల డిజైన్ల సెంటరులో ఈ బాధంతా పడేది తోటి పనివాడు హనుమేష్.

ఒకరోజు మేకొకటి లోపలికొచ్చి నూలు కండె నములుతుంటే హనుమేష్ కట్టె తీశాడు. మునీంద్ర అడ్డం వచ్చాడు.

"ఉండప్పా, ఈ మేక ఎవురిది?"

"ఎవురిదైతే ఏమి, నూలు తింటాండాది గదా."

"సొంతదారు తెలీకుండా కొడితే ఎట్ల?"

సొంతదారు దొరికేసరికి కండెకు పుల్లే మిగిలింది. అయినా భీమక్క, "మునీంద్ర శానా పద్ధతి గల మనిషి" అంది. కట్టె తీసినవాడి ఊసే లేదు. హనుమేష్‌కు కుళ్లు పుట్టింది.

కంప్యూటరు దగ్గరా అదే వరస. ఏ ఫైలు కనబడినా, ఇది ఏ ప్యాకేజీది, అంటే ఏ సాఫ్ట్‌వేరు మూటలో వచ్చిందని నల్ల తెర మీద ఒక ఆదేశం ముక్క కొట్టి అడుగుతాడు. దాన్ని తెచ్చిపెట్టిన సాఫ్ట్‌వేరు పేరు తెర మీద పడితేగానీ అతనికి టీ కూడా దిగదు.

భీమక్క నోట ఒక్కసారి తన మెప్పు వినాలని హనుమేష్ ఆశ. కంప్యూటరు నిండిపోయి నత్తలా నడుస్తోందని ఆమె గొణిగిన రోజు, మునీంద్ర బయటికి పోయిన సందు చూసుకుని, పనికిరావనిపించిన ఫైళ్లన్నీ తీసిపారేశాడు. అంతే, డిజైన్ల సాఫ్ట్‌వేరు తెరుచుకోనంది. బయట నేతగాడు లక్ష్మన్న పెళ్లిచీర కొంగు డిజైను కోసం మగ్గం ఆపుకుని కూర్చున్నాడు. తన ఉద్యోగం ఊడినట్టేనని హనుమేష్‌కు అనిపించింది.

మునీంద్ర వచ్చి తెర చూశాడు. ఫలానా ఫైలు లేదని రాసి ఉంది.

"ఈ ఫైలు ఎవురిది?"

"లేని ఫైలు ఎవురిదైతే ఏమప్పా?"

"మనిషి ఊరు విడిచిపోతే ఇంటిపేరు పోతాదా?"

ఎప్పటి ముక్కే కొట్టాడు. ఫైలు లేకపోయినా కంప్యూటరు చిట్టాలో ఉన్న దాని ప్యాకేజీ పేరు వచ్చింది. ఆ ప్యాకేజీని మళ్లీ ఎక్కించగానే కొంగు మీది నెమళ్లు తెర మీదికొచ్చాయి.

అప్పుడే భీమక్క లోపలికొచ్చింది. "ఇంతసేపు ఏమైనాది? ఎవురు చేసిన పనిది?"

హనుమేష్ మునీంద్ర వైపు చూశాడు. మేకకే సొంతదారును పట్టుకొచ్చిన మనిషి తనను వదులుతాడా?

"ఏదో ఫైలు పోయిండె, తెచ్చి పెట్టినామక్కా" అన్నాడు మునీంద్ర. "హనుమేష్ చెత్తంతా ఊడ్చినాడు. చూడు, కంప్యూటరు ఎంత జోరుగా పోతాండాదో."

"మంచిపని చేసినావప్పా హనుమేష్" అంది భీమక్క.

ఎన్నాళ్లుగానో కోరుకున్న మాట. ముల్లులా గుచ్చుకుంది. టీ బంకు దగ్గర హనుమేష్ ఉండబట్టలేక అడిగాడు.

"లోకంలో అన్నిటికీ ఎవురిదంటావే, ఫైళ్లు తీసింది ఎవురని అడగలేదేమప్పా?"

"తెలిసినదాన్ని మళ్ల అడిగేదేముంది?"

ఈ మంచితనం కూడా వీడికే ఉండాలా అని హనుమేష్‌కు మళ్లీ కుళ్లు పుట్టింది. అయినా రెండు టీలు చెప్పాడు. గ్లాసులు రాగానే మునీంద్ర చెయ్యి చాచబోయి ఆగాడు.

"ఇది ఎవురిదప్పా?"

"నీదే, తాగు సామీ" అన్నాడు హనుమేష్.