బావికాడ దోసిలి

పంతొమ్మిదివందల యాభైల నడుమ ఎమ్మిగనూరు బళ్లో సైన్సు చెప్పే రోజుల్లో నాకు మైక్రోస్కోపు పిచ్చి పట్టింది. కంటబడిన నీళ్లన్నీ సీసాల్లో పట్టుకొచ్చి దాని కింద పెట్టేవాణ్ణి. చెరువు నీళ్లలో పచ్చటి నలుసులు కిక్కిరిసి ఉండేవి. ఆదోని దగ్గర రాళ్లు కొట్టిన గుంటలో నీళ్లు దాదాపు ఖాళీ. అన్నిటికంటే తేటగా కనిపించేవి మేం కాపురమున్న ఊరి దిగుడుబావి నీళ్లు.

భయం పుట్టించింది ఆ తేట నీళ్లే. ఒక చుక్కలో తెల్లటి పురుగులు ఎగిరెగిరి ఈదుతున్నాయి, తలకు ఒకే ఒక్క ఎర్రటి కన్ను. నారికురుపు తెచ్చే పాము పిల్లలు వీటి కడుపులో చేరి, తాగినవాళ్ల ఒంట్లో ఏడాది పాటు పెరిగి, చివరికి కాలు చీల్చుకుని దారంలా బయటికొస్తాయని చదివి ఉన్నాను. ఆ కురుపు నీళ్లలో తడిస్తే పాము మళ్లీ ఆ నీళ్లలోకి పిల్లల్ని వదులుతుంది. ప్రతి వేసవికీ ఊళ్లో కొందరు కాళ్లకు గుడ్డలు చుట్టుకుని మంచాన పడేవారు.

ఆ సాయంత్రమే నా భార్యకు చెప్పాను, పాత చీరను నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి నీళ్లు వడగట్టమని. ఆమె ఒక్కరోజు కూడా తప్పలేదు. మా ఇంటి గడప నారికురుపు తొక్కదని బళ్లో గొప్పలు పోయాను.

ఆ తర్వాత రెండో వేసవిలో ఆమె చీలమండ మీద బొబ్బ లేచి పగిలింది. లోపల తెల్లటి దారం కొస కనిపించింది.

"వడగట్టకుండా తాగినావా?" అని గద్దించాను.

"ఇంట్లో అన్నీ వడగట్టినవే. బాయికాడ బిందె ముంచేముందు ఒగ దోసిలి తాగుతాం. ఎండలో అంత దూరం నడిసి పోతాం గదా."

ఏనాడూ బిందె మోయని నాకు ఆ దోసిలి తట్టనే లేదు. సిగ్గుపడి గుడ్డ తెచ్చాను. కట్టు కట్టబోతే ఆమె చీర అంచు మోకాలి దాకా తడిసి ఉంది.

"యాడికి పోయినావు?"

"బాయికే. మంట తట్టుకోలేక మెట్టు మీద కూసోని నీళ్లలో కాలు పెట్టుకుంటి. సల్లగుండె."

అక్కడ ఇంకెవరున్నారని అడిగాను.

"అందరూ ఉండిరి," అంది. "జరిగి నాకు చోటిచ్చి, దోసిళ్లు పట్టి తాగుతాండిరి."