రెండు కళ్లూ ఒకే పక్కనున్న చేప

రాజోలిలో ఉరుకుందు తాత గాలం తీస్తే తుంగభద్ర చేపలు వణుకుతాయట, చెప్పేది తాతే. మనవరాలి ఫోనులో చలిదేశపు సముద్రంలో జాలర్లు రొట్టెలాంటి చేపలను పట్టడం చూశాక ఆయనకు మామూలు చేపలు ఆనడం లేదు. వాళ్లలాగే స్వెటరు, మంకీటోపీ తొడుక్కుని, నడి ఎండాకాలంలో గాలాన్ని ఏటి అడుగున ఇసుక మీద మెల్లగా ఈడుస్తున్నాడు. రెండు కళ్లూ ఒకే పక్కనున్న ఆ రొట్టె చేపను ఇంటికొచ్చిన అల్లుడికి తినిపిస్తానని భార్య సవారమ్మతో మసాలా కూడా నూరించాడు.

మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ వట్టి చేతులతో వచ్చాడు.

"ఏం పడలేదా ఏంది?" అంది సవారమ్మ.

"మూరెడు కొర్రమట్ట పడ్డది. కండ్లు రెండు దిక్కులున్నయని మళ్ల ఏట్ల ఇడిసిన."

"కొర్రమట్టను ఇడిసినవా? నీ కండ్లేడ వోయినయ్!"

చేప మసాలా వంకాయల్లో పడింది. అల్లుడి పక్కన కూర్చుని తాత, ముళ్లు ఏరుతున్నట్టు, తలెత్తకుండా మెల్లగా తిన్నాడు.