కళ్లు పెట్టని బంటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎండ కాసినా, ముసురు పట్టినా చింతగింజల జిగురు ఉడుకుతూనే ఉండేది. మా చిన్నాయన, అంటే మా బాపు తమ్ముడు, పొనికి కర్రతో చదరంగం పావులు చెక్కి, రంగులు వేసి ధర్మపురి జాతరలో అమ్మేవాడు. బొటనవేలంత ఏనుగులు, గుర్రాలు, బంట్లు. కోరుట్ల దగ్గరి మా పల్లెలో ఆ పని తెలిసినవాడు ఆయన ఒక్కడే.

ఆ ఏడు మా మక్క చేను నిలువునా ఎండిపోయింది. పోలాల అమావాస్య దాటాక ముసురు పట్టింది. చెప్పేటప్పుడు వరుస తప్పితే నాకు గిట్టదు: ముందు చేను పోయింది, ఆ తర్వాతే వాన వచ్చింది. ఇక బతుకమ్మ పండుగ రాకముందే బాపు బొంబాయి బస్సెక్కక తప్పలేదు.

బాపు వెంట నా గుర్తు ఒకటి పంపాలని నాకు పట్టుదల. "చిన్నాయనా, బాపు అసొంటి బంటును జెయ్యవా?" అని అడిగాను. "మీ బాపు మీసాలకు నా రంగు సరిపోదు బిడ్డా" అని నవ్వాడు గానీ, ఆ పూటే ఉలి తీశాడు.

నేను పక్కనే కూర్చుని చూశాను. చెక్కిన బొమ్మను నున్నగా గీకి, జిగురులో కలిపిన సుద్ద పూశాడు. అది ఆరాక రంగు. మజ్జిగంత పలచగా, పూత మీద పూత. తర్వాత నీళ్లలాంటి నలుపును ఒళ్లంతా పారించి వెంటనే గుడ్డతో తుడిచాడు. తలరుమాలు మడతల్లో, చెవుల వెనక మాత్రం నలుపు నిలిచింది. కుంచెను దాదాపు పొడిగా తుడిచి, లేత రంగును రుమాలు అంచుల మీద, మీసం మీద తాకీ తాకనట్టు లాగాడు. కర్రముక్కలోంచి బాపు బయటికి వచ్చాడు.

కళ్లొక్కటే మిగిలాయి. కళ్లు అన్నిటికన్నా చివర పెట్టాలి, పెట్టాక ఇక బొమ్మకు కుంచె తాకించకూడదు. అది చిన్నాయన నియమం. కానీ కళ్ల తావున వేసిన తెలుపు ఆ ముసురుకు ఆరనే లేదు. తెల్లవారితే బస్సు. నేను బొమ్మను పొయ్యి దగ్గరికి తీసుకుపోతుంటే ఆయన ఆపాడు.

"సెగకు సుద్ద పగుల్తది."

"అయితె తడి మీదనే పెట్టు."

"నలుపు కారి ఏడ్సినట్టు కనవడ్తది. ఏడ్సే బంటును పట్టుకొని పోతడా మీ బాపు?"

సంచి సర్దుకుంటున్న బాపు తల ఎత్తాడు. "గుడ్డోన్నే ఇయ్యిరా తమ్మీ. తొవ్వ నేను జూపిస్త."

అందరం నవ్వాం. చిన్నాయన మాత్రం ఒప్పుకోలేదు. "సగం పని ఇల్లు దాటద్దు, అన్నా. ఉగాదికి అస్తవు గద, అప్పుడు తీస్కపో."

బాపు నా తల నిమిరి బస్సెక్కాడు. ముసురు విడిచి ఎండ కాశాక చిన్నాయన కళ్లు పెట్టాడు. రెండు నల్ల చుక్కలు, వాటిలో సూదిమొనంత తెలుపు. బంటును గూట్లో, వాకిలి వైపు చూసేలా నిలబెట్టాను.

ఉగాది రాకముందే, బాపుతో ఒకే గదిలో ఉన్న మనిషి ఆయన సంచి తెచ్చాడు. బాపు జ్వరంతో అక్కడే పోయాడట. తిరిగి వెళ్తూ ఆ మనిషి అన్న మాట ఇది: "'మా బిడ్డ నా అసొంటి బంటును జేపిచ్చింది, కండ్లొక్కటే తక్వ' అని మీ బాపు గదిల అందరికి చెప్పేటోడు."

చిన్నాయన "గుడ్డోన్నే ఇయ్యాల్సుండె బిడ్డా" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బంట్లు చెక్కడం కూడా మానేశాడు.

ఇప్పుడు నా మనుమరాలు ఆటలకని చిన్న ప్లాస్టిక్ సిపాయిలకు రంగులు వేస్తుంది. పలచగా వెయ్యి, ఆరినాకే రెండో పూత వెయ్యి అని పక్కన కూర్చుని సతాయిస్తాను. ఆ పాఠం చిన్నాయనదే, అందులో పొరపాటు లేదు. కానీ ఊరికి పోయేవాళ్లను మాత్రం వట్టి చేతులతో పంపను. కుట్టు పూర్తికాని రవికైనా, రంగు ఆరని బొమ్మైనా, ఉన్నది ఉన్నట్టు చేతిలో పెట్టేస్తాను.

బంటు నా దగ్గరే ఉన్నాడు. మంచి పనితనం. రంగు ఎక్కడా కారలేదు.